పక్కన పాడే గొంతు

సంక్రాంతికి ముందు ఇంటికి సున్నాలు వేయిద్దామని అటక ఖాళీ చేయిస్తే నా పాత నోటు పుస్తకాలు మూడు బయటపడ్డాయి. ఇరవై, ఇరవై రెండేళ్ల వయసులో రాసుకున్నవి. దుమ్ము దులిపి, సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుని వరసగా చదివాను. మొదటిదాంట్లో ఒక స్నేహితుడికి రాసి పంపని ఉత్తరం ఉంది. నాలుగు వాక్యాలు దాటకుండానే ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయింది. చలం గొంతు. మధ్యలో తెగిపోయే ఆ వాక్యాలు, ఆ నిలదీయడం, ఉన్నట్టుండి ఆకాశంలోకీ చెట్లలోకీ వెళ్లిపోవడం, అన్నీ ఆయనవే. రెండో పుస్తకం నిండా శ్రీశ్రీ నడక, కవాతు చేస్తున్నట్టు. మూడోదాంట్లో కథలున్నాయి. ఒక పోలిక సరిపోయే చోట ఆరు పోలికలు దొంతరగా పేర్చే రావిశాస్త్రి పద్ధతి కనిపించింది. నా కథల్లో మనుషులు విశాఖపట్నం సందుల యాసలో మాట్లాడుతున్నారు. అప్పటికి నేను రాజమండ్రి దాటి తూర్పుకి వెళ్లిందే లేదు.

మొదటి పుస్తకం రాసిన ఏడాది నాకు పెద్ద దెబ్బే తగిలింది. ప్రాణంలా చూసుకున్న స్నేహితుడు దూరమయ్యాడు. ఆ ఉత్తరం అతనికి రాసిందే. ఆ రాత్రులు, ఆ లాంతరు, కిటికీ అవతల కుళాయి చుక్క పడే చప్పుడు ఇప్పటికీ గుర్తున్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ కాగితాల మీద లేదు. చలం ఎలా బాధపడేవాడో అలా బాధపడి పెట్టాను. అరువు సొమ్ములు బరువు చేటని మా నాయనమ్మ నగల గురించి అనేది. మాటల సంగతీ అంతేనని ఆ సాయంత్రం అనిపించింది. బతికిన రోజులు నావి, వాటిని చెప్పిన గొంతు నాది కాకుండా పోయింది. ఆ దిగులు చాలా రోజులు వదల్లేదు.

ఈ దిగులుకి మందు తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్. ఆ మందు పేరడీ అని తెలిసినప్పుడు నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

1908 మొదట్లో పారిస్ పత్రికలన్నీ ఒక మోసం కథతో నిండిపోయాయి. ఆంరీ లెమ్వాన్ అనే ఇంజనీరు, బొగ్గు నుంచి వజ్రాలు తయారుచేసే రహస్యం తన దగ్గరుందని నమ్మించి, డీ బీర్స్ వజ్రాల కంపెనీ పెద్దల్లో ఒకరైన సర్ జూలియస్ వెర్నర్ దగ్గర చాలా డబ్బు గుంజాడు. ప్రూస్ట్ దగ్గర కూడా ఆ కంపెనీ షేర్లున్నాయి. అప్పుడాయనకి ముప్ఫై ఆరేళ్లు. తల్లి పోయి మూడేళ్లవుతోంది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అంతకుముందు కొన్నేళ్లు ఇంగ్లీషు రచయిత రస్కిన్ పుస్తకాలు అనువదించడంలో గడిచిపోయాయి. అంటే ఇంకొకరి గొంతుకి సేవ చేయడంలోనే ఆ ఏళ్లు అయిపోయాయి. రాయాలనుకున్న పెద్ద నవల ఇంకా మొదలే కాలేదు.

ఆయన ఆ వజ్రాల మోసాన్ని తీసుకుని, దాన్నే ఒక్కొక్క మహారచయిత రాస్తే ఎలా ఉంటుందో రాయడం మొదలుపెట్టాడు. ఫిగరో పత్రిక సాహిత్య అనుబంధంలో అవి వరసగా వచ్చాయి. బాల్జాక్ చేతిలో పడితే ఆ మోసం సంపన్నుల డ్రాయింగ్ రూములో, బిరుదులూ బంధుత్వాలూ ఆస్తులూ వల్లెవేస్తూ మొదలవుతుంది. ఫ్లోబేర్ చేతిలో పడితే కోర్టు గదిలో ఉక్క పెరుగుతుంది, పావురాలు ఎగురుతాయి, విచారణ చూడవచ్చిన జనం తమ చేతికి ఆ డబ్బే వస్తే ఏం చేస్తామా అని కలల్లోకి జారిపోతారు. ఆ తరవాత విమర్శకుడు సాంత్ బవ్ వచ్చి, ఫ్లోబేర్ రాసిన ఈ ‘నవల’ను సమీక్షిస్తాడు. అంటే ప్రూస్ట్ తను కట్టిన వేషాన్ని ఇంకో వేషంలో వచ్చి తనే విమర్శించాడు. గాంకూర్ సోదరుల డైరీని అనుకరించిన చోట, వజ్రాల షేర్లు పడిపోవడం వల్ల మార్సెల్ ప్రూస్ట్ అనే ఆయన ఆత్మహత్య చేసుకున్నాడన్న వదంతి కూడా రాశాడు.

చదివినవాళ్లు నవ్వుకున్నారు. ప్రూస్ట్‌కి మాత్రం అది నవ్వుతో ఆగిపోయే పని కాదు. ఒక రచయితని చదవడం మొదలుపెడితే, మాటల అడుగున నడిచే పాట వరస తనకి ఇట్టే వినిపించేదని ఆయన రాసుకున్నాడు. పాట ఒకసారి చెవినపడితే దాని వరసలో మాటలు అవే వచ్చి కూర్చుంటాయి. రెనాన్ అనే ఇంకో రచయితని అనుకరించినప్పుడు తన లోపలి తాళాన్ని ఆయన తాళానికి కలిపేశాననీ, అలాంటివి పది సంపుటాలైనా రాసేయగలననీ ఒక స్నేహితుడికి చెప్పాడు. అంత తేలిగ్గా వచ్చేదాన్ని ఎందుకు ఆపాలి? ఆయన ఇచ్చిన జవాబు నా నోటు పుస్తకాలకి నేరుగా తగిలింది. 1920లో ఫ్లోబేర్ శైలి గురించి రాస్తూ ఆయన చెప్పిన సారం ఇది: ఇష్టమైన రచయిత మత్తు ఒంట్లోకి ఎక్కినప్పుడు, కావాలని, తెలిసి, ఒక్కసారి బాగా అనుకరించి దాన్ని బయటికి పంపెయ్యాలి. అలా చెయ్యనివాడు జన్మంతా తెలియకుండా అనుకరిస్తూనే ఉంటాడు.

ఆ పేరడీలు వచ్చిన తరవాతి ఏడాది పెద్ద నవల కదిలింది. 1913లో మొదటి సంపుటం వచ్చింది. మొత్తం ఏడు సంపుటాలు. 1922లో ఆయన పోయాక చివరి మూడూ వచ్చాయి. ఆ చివరి సంపుటంలో గాంకూర్ డైరీ మళ్లీ కనిపిస్తుంది, ఆయన సొంతంగా అల్లిన పేజీలతో. నవలలోని కథకుడు వాటిని చదివి, ఇంత నిశితంగా చూసే కన్ను తనకి లేదు, తను రచయిత కాలేడు అని కుంగిపోతాడు. కాసేపటికి తన చూపు వేరే లోతు దగ్గర పనిచేస్తుందని గ్రహిస్తాడు. ఎదుటివాడి గొంతు పూర్తిగా పాడి చూస్తే తప్ప, తన గొంతు ఎక్కడ వేరుపడుతుందో తెలియలేదు. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడ నవ్వు చేసే పనేమిటో ఆలోచిస్తూ ఉంటాను. నోటు పుస్తకాల్లో నేను చేసిందీ అనుకరణే. ప్రూస్ట్ చేసిందీ అదే. నాకు ఆ రాత్రుల్లో చలానికీ నాకూ మధ్య జానెడు ఎడం లేదు. గర్భగుడిలో దేవుడి ముందు నిలబడ్డవాడికి విగ్రహం ఎంత ఎత్తో తెలియదు. రెండడుగులు వెనక్కి వేస్తే తెలుస్తుంది. నవ్వు ఆ రెండడుగులు. పేరడీ అన్న మాట పుట్టిన గ్రీకులో దాని అర్థం కూడా దాదాపు ఇదే, పక్కన పాడే పాట అని. పాట లోపల కాదు, ఎదురుగానూ కాదు, పక్కన.

పక్కన నిలబడ్డవాడి మనసులో ఏముందన్నది ఇంకో ప్రశ్న. దీనికి ఇంగ్లండులో మాక్స్ బీర్‌బోమ్ 1912లో వేసిన ‘ఎ క్రిస్మస్ గార్లాండ్’ అనే చిన్న పుస్తకం నాకు పాఠంలా ఉపయోగపడింది. క్రిస్మస్ పండగ గురించి అప్పటి పదిహేడుమంది రచయితలు రాసినట్టుగా ఆయన రాసిన పేరడీలు అవి. వాటిలో మొదటిది హెన్రీ జేమ్స్ మీద. జేమ్స్ చివరి దశలో, మణికట్టు నొప్పి వల్ల, టైపు చేసేవాళ్లకి నోటితో చెప్పి రాయించేవాడు. వాక్యం కొమ్మలు కొమ్మలుగా సాగేది. ఒక చిన్న సంకోచం చుట్టూ పేజీలకు పేజీలు తిరిగేది. బీర్‌బోమ్ ఏం చేశాడంటే, క్రిస్మస్ తెల్లవారుజామున ఇద్దరు పిల్లల్ని, అన్నాచెల్లెళ్లని, మంచం మీద కూర్చోబెట్టాడు. మంచం చివర కానుకల మేజోళ్లు వేలాడుతున్నాయి. లోపల ఏముందో తొంగిచూడాలా వద్దా? అంతే కథ. ఆ తొంగిచూడటం గురించి ఆ పసివాళ్లు జేమ్స్ పాత్రల్లా సూక్ష్మాతిసూక్ష్మంగా తర్కించుకుంటారు. చివరికి చూడకుండా ఉండటమే గొప్ప అని తేల్చుకుంటారు.

నవ్వకుండా దాన్ని చదవడం కష్టం. అందులో ఇంకొకటి కూడా ఉంది. కోరుకున్నదాన్ని అందుకోకుండా వదిలేయడంలోని అందం జేమ్స్ నవలలన్నిటికీ ప్రాణం. బీర్‌బోమ్ వాక్యాల వంకరల్ని పట్టుకున్నంత జాగ్రత్తగా ఆ ప్రాణాన్ని కూడా పట్టుకున్నాడు. జేమ్స్‌కి అది నచ్చిందట. ఒక విందులో ఎవరో ఆయన అభిప్రాయం ఏదో అడిగితే, అక్కడే ఉన్న బీర్‌బోమ్‌ని చూపించి, నా మనసులో మాటలన్నీ ఆ కుర్రవాడికి తెలుసు, అతన్ని అడగండి అన్నాడని చెబుతారు. అరవై దాటిన మహారచయిత తనని అనుకరించిన మనిషి గురించి అన్న మాట అది. ఎవరైనా మనల్ని అంత శ్రద్ధగా చదివితే మనకీ అలాగే అనిపిస్తుందేమో.

అదే పుస్తకంలో కిప్లింగ్ మీద కూడా ఒకటి ఉంది. చిమ్నీలోంచి బయటికొస్తున్న శాంటాక్లాజ్‌ని ఒక పోలీసు పట్టుకుని స్టేషనుకి ఈడ్చుకుపోతాడు. బలం అంటే, యూనిఫారం అంటే కిప్లింగ్‌కి ఉన్న మోజు మీద అది దెబ్బ. బీర్‌బోమ్‌కి కిప్లింగ్ అంటే జన్మలో పడలేదు. పనితనంలో దీనికి వంక పెట్టలేం. అయినా రెండూ వెంటవెంట చదివితే తేడా తెలుస్తుంది. జేమ్స్ మీద రాసింది చదివాక జేమ్స్ నవల ఒకటి తియ్యాలనిపిస్తుంది. కిప్లింగ్ మీద రాసింది చదివాక కిప్లింగ్‌ని మూసేయాలనిపిస్తుంది. పేరడీని తూచడానికి నాకు ఇంతకన్నా మంచి తక్కెడ దొరకలేదు. తలుపు తెరిచిందా, మూసిందా?

మూసిన తలుపుల కథల్లో నన్ను ఎక్కువగా కలతపెట్టేది హెమింగ్వేది. 1921లో షికాగోలో ఆయనకి షెర్వుడ్ ఆండర్సన్ పరిచయమయ్యాడు. ‘వైన్స్‌బర్గ్, ఒహాయో’ కథలతో అప్పటికే పేరు తెచ్చుకున్న ఆండర్సన్, ఊరూ పేరూ లేని ఈ కుర్రాణ్ణి పారిస్ వెళ్లమని ప్రోత్సహించాడు. అక్కడున్న రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ లాంటివాళ్లకి పరిచయ ఉత్తరాలు రాసిచ్చాడు. తన పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకి చెప్పి ఇతని కథల పుస్తకం కూడా వేయించడంలో సాయపడ్డాడు. ఆ పుస్తకం 1925లో వచ్చింది. విమర్శకులు కొందరు ఆ కథల్లో ఆండర్సన్ నీడ కనబడుతోందన్నారు. అదే ఏడాది నవంబరులో, దాదాపు పది రోజుల్లో, హెమింగ్వే ‘ద టారెంట్స్ ఆఫ్ స్ప్రింగ్’ రాసి పడేశాడు. ఆండర్సన్ కొత్త నవల ‘డార్క్ లాఫ్టర్’ మీద పేరడీ. ఆండర్సన్ పాత్రలు తమలో తాము వేసుకునే అమాయకపు ప్రశ్నలు, ఆ దీర్ఘ విచారాలు, అన్నీ అందులో తలకిందులయ్యాయి. భార్య హాడ్లీకి అది ఇష్టం లేదు. స్నేహితుడు డాస్ పాసోస్ అచ్చు వేయొద్దని చెప్పి చూశాడు. తమ రచయితనే ఎగతాళి చేసే పుస్తకాన్ని ఆండర్సన్ ప్రచురణకర్తలు కాదన్నారు. దాంతో హెమింగ్వే వాళ్లతో ఒప్పందం తెంచుకుని స్క్రిబ్నర్స్ ప్రచురణ సంస్థకి వెళ్లాడు. పుస్తకం 1926లో వచ్చింది.

హెమింగ్వేకి ఇది అవసరమే అని వాదించవచ్చు. ఆండర్సన్ నీడలోంచి బయటపడితే తప్ప తన గొంతు తనకి రాదు. ప్రూస్ట్ చెప్పిన మందే ఇదీ. అదే ఏడాది చివర్లో వచ్చిన ‘ద సన్ ఆల్సో రైజెస్’లో ఆ గొంతు స్పష్టంగా వచ్చింది కూడా. అయితే ప్రూస్ట్ ఎంచుకున్న బాల్జాక్, ఫ్లోబేర్, సాంత్ బవ్ అప్పటికే కాలం చేసినవాళ్లు. ఆ అనుకరణ పడి గాయపడే మనిషి అక్కడ లేడు. హెమింగ్వే తాగిన మందు బతికున్న గురువు గుండెలో గుచ్చుకుంది. ఆయన ఆండర్సన్‌కి సంజాయిషీ ఉత్తరం ఒకటి రాశాడు. ఆ ఉత్తరం పుస్తకం కంటే ఎక్కువ నొప్పించింది. గురువు గొంతు వదిలించుకోవడం శిష్యుడి ధర్మమే అనుకున్నా, ఆ పని పెరటి బావి దగ్గర చేసుకోవచ్చు. బజార్లో, ఆయన కళ్ల ముందు చెయ్యక్కర్లేదు. ఈ విషయంలో నా మనసు ఎన్నిసార్లు ఆలోచించినా మారలేదు.

అదే 1926లో ఇంకో కుర్రాడు కూడా అదే మనిషిని అనుకరించాడు. విలియం ఫాక్‌నర్. న్యూ ఆర్లియన్స్‌లో ఆండర్సన్ ఇతన్నీ చేరదీశాడు. మొదటి నవల అచ్చవడానికి దారి చూపించాడు. చిత్రకారుడు స్ప్రాట్లింగ్‌తో కలిసి ఫాక్‌నర్ ఒక బొమ్మల పుస్తకం వేశాడు. దానికి ముందుమాట ఆండర్సన్ శైలిని అనుకరిస్తూ రాశాడు. స్నేహితుల మధ్య సరదా అనుకున్నాడు. ఆండర్సన్‌కి మాత్రం అది మనసుకి తగిలింది. ఇద్దరూ దూరమయ్యారు. తేడా తరవాత కనిపిస్తుంది. 1929లో ‘సార్టోరిస్’ నవలని ఫాక్‌నర్ ఆండర్సన్‌కే అంకితమిచ్చాడు, మొదట తనని అచ్చులో చూసింది ఆయన దయవల్లే అని రాసి. ఆండర్సన్ 1941లో పోయాడు. 1953లో, అప్పటికి నోబెల్ బహుమతి కూడా వచ్చిన ఫాక్‌నర్, ఆయన మీద ఒక పెద్ద వ్యాసం రాసి, ఆనాటి అనుకరణ గురించి తనే చెప్పుకున్నాడు. ఆయన ఎంత ఎత్తయిన మనిషో తరవాత అర్థమైందని ఒప్పుకున్నాడు. పన్నెండేళ్ల క్రితం పోయిన మనిషికి చెప్పిన క్షమాపణ. దాన్ని చదువుతుంటే, బతికుండగా చెప్పగలిగితే ఎంత బావుండేదో అనిపిస్తుంది.

మన దగ్గర ఈ అనుకరణ విద్యకి బళ్లోనే అక్షరాభ్యాసం అవుతుంది. నాలుగో తరగతిలో మా పక్కన కూర్చునే కుర్రాడు వేమన మకుటం అలాగే ఉంచి, పైన మూడు పాదాలూ మధ్యాహ్నం ఉప్మా మీద కట్టేవాడు. ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ వస్తాయనీ, సరి పాదానికి అయిదూ సూర్యగణాలేననీ వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి పద్యం మాత్రం తప్పకుండా నడిచేది. వేమనని వాడు చెవితో పట్టేశాడు. లెక్క తరవాత హైస్కూల్లో వచ్చింది. ఇంగ్లండులో లూయిస్ కారల్ 1865లో ‘ఆలిస్’ పుస్తకంలో చేసిందీ ఇలాంటిదే. అప్పటి పిల్లలు కంఠతా పట్టే నీతిపద్యాలని అదే నడకలో తలకిందులు చేశాడు. రాబర్ట్ సౌదీ రాసిన అసలు ముసలాయన పద్యాన్ని ఇప్పుడు చదివేవాళ్లు అరుదు. కారల్ పక్కన పాడిన పాటే పిల్లల నోళ్లలో మిగిలింది, సౌదీ పేరుని కూడా మోసుకుంటూ.

తెలుగులో పేరడీ అనగానే గుర్తొచ్చే పేరు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి. జరుక్ శాస్త్రి. 1914లో పుట్టి 1968లో పోయారు. మంచి కథకుడు, ఆకాశవాణిలో పనిచేశారు. భావకవుల మీదా శ్రీశ్రీ మీదా ఆయన కట్టిన పేరడీలు ఆ రోజుల్లో నోటినోటికీ పాకాయి. ఆ తరానికి కృష్ణశాస్త్రి కన్నీళ్లూ కంఠస్థమే, శ్రీశ్రీ కవాతూ కంఠస్థమే. కాబట్టి ఒక్క మాట మారిస్తే ఎక్కడ మారిందో గదిలో అందరికీ తెలిసేది. పేరడీ బతకడానికి ఆ గది కావాలి. అసలు పాట తెలిసిన నలుగురు కావాలి. ఇప్పుడు మనం అందరం కలిసి కంఠతా పట్టిన పద్యాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటే, పేరడీ ఎందుకు పలచబడిందో వేరే చెప్పక్కర్లేదు. శ్రీశ్రీ స్వయంగా ఈ ఆట ఆడారు. ఛందస్సు సంకెళ్లు తెంచానన్న మనిషి, ‘సిరిసిరిమువ్వ’ మకుటంతో సరదా కందాలు చెప్పారు. వదిలేసి వచ్చిన ఇంటికి అప్పుడప్పుడూ వెళ్లి అరుగు మీద కూర్చున్నట్టు. అందులో నాకు పాత ఛందస్సు మీద కోపం కనిపించదు, మమకారమే కనిపిస్తుంది.

ఇదంతా రచయితల గొడవలా ఉంది గానీ, రాయనివాళ్లకి కూడా వర్తిస్తుందని నా నమ్మకం. రోజుకి ఎన్ని గొంతుల్లో మాట్లాడతామో గమనిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆఫీసులో పై అధికారి వాడే మాట మన నోట్లోకి వచ్చేస్తుంది. టీవీ చర్చల ఆవేశం భోజనాల దగ్గర కూరల మధ్యకి వచ్చేస్తుంది. ఒకరోజు మా అమ్మాయి లెక్కల్లో తప్పు చేస్తే నేనొక వాక్యం అన్నాను. అది నా చిన్నప్పుడు, అచ్చం అలాంటి సాయంత్రం, మా నాన్న నన్ను అన్న వాక్యం. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ మాట పడ్డప్పుడు ఎంత నొచ్చుకున్నానో నాకు తెలుసు. నలభై ఏళ్లు అది నాలో ఎక్కడో కూర్చుని నా కూతురి కోసం ఎదురుచూసింది. ప్రూస్ట్ అన్న తెలియని అనుకరణ ఇదే అని ఆ రాత్రి అర్థమైంది.

అప్పటి నుంచి ఒక చిన్న సాధన పెట్టుకున్నాను. పొద్దున్నే ఒక అరపేజీ, కావాలని, ఇంకొకరి గొంతులో రాస్తాను. ఒక వారం చలం. ఇంటి ముందు చెత్తబండి ఆలస్యంగా వచ్చిన సంగతి చలం రాస్తే ఎలా ఉంటుంది? ఒక వారం రావిశాస్త్రి, కరెంటు బిల్లు మీద. చదివి నవ్వుకుని, చింపేస్తాను. ఆ చింపడంలో నిర్లక్ష్యం లేదు. ఆ రచయితని మళ్లీ చదవాలన్న కోరిక అప్పుడే గట్టిగా పుడుతుంది, ఈసారి భయం లేకుండా. అరపేజీ అయ్యాక ఇంకో కాగితం తీసుకుంటే వచ్చే మొదటి వాక్యం కాస్త నీరసంగా, అలంకారాలు లేకుండా ఉంటుంది. కానీ ఆ కుళాయి చుక్కల చప్పుడు అందులో వినబడుతుంది.

ఇంట్లో కూడా దీన్ని ఆటగా మార్చుకున్నాం. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఇంకొకర్ని అనుకరించాలి. మా అమ్మాయి నేను ఫోనులో మాట్లాడే తీరు చేసి చూపించింది. ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే నేను ‘సరే సరే’ అంటానట, రెండుసార్లు, రెండోది కాస్త దిగువ స్వరంలో. పదమూడేళ్ల పిల్ల ఆ స్వరం తేడా కూడా పట్టింది. ఆమె ఎప్పుడు అంత శ్రద్ధగా నన్ను విందో నాకు తెలియదు. ఇప్పుడు ఫోను ఎత్తినప్పుడు ఎదుటివాళ్ల వాక్యం చివరిదాకా ఆగుతున్నాను. ఉపదేశం చేసి ఎవరూ నాలో ఈ మార్పు తేలేకపోయారు.

ఇలా కలిసి కూర్చుని నవ్వుకుంటుంటే నాకు ఒక పాత కథ గుర్తొస్తుంది. పేరడీలు మొదట కట్టినవాడిగా అరిస్టాటిల్ చెప్పిన పేరు థేసోస్ ద్వీపం వాడైన హెగెమోన్. ఆయన గురించి గ్రీకుల్లో ఒక కథ నిలిచి ఉంది. క్రీస్తు పూర్వం 413లో ఏథెన్స్ రంగశాలలో ఆయన తన పేరడీ వినిపిస్తున్నాడు. జనం ఆపుకోలేకుండా నవ్వుతున్నారు. ఇంతలో సిసిలీకి వెళ్లిన తమ సైన్యం మొత్తం నాశనమైందన్న కబురు వచ్చింది. ఆ గుంపులో బంధువుని పోగొట్టుకోనివాళ్లు దాదాపు లేరు. హెగెమోన్ ఆపేద్దామనుకున్నాడు. జనం మాత్రం లేవలేదు. పైబట్టలు ముఖాల మీదికి లాక్కుని, లోపల ఏడుస్తూ, అలాగే కూర్చున్నారట. పరాయి ఊళ్ల వాళ్ల ముందు ఏడుపు కనబడనివ్వకూడదనే అలా చేశారని ఆ కథ చెబుతుంది. నాకు ఇంకో కారణం కూడా తోస్తుంది. అప్పటిదాకా అందరూ కలిసి ఒకే పాట వింటున్నారు. ఆ కలిసి ఉండటాన్ని ఆ క్షణంలో వదులుకోలేకపోయి ఉంటారు.

మా నాన్న పోయి కిందటి కార్తీకానికి ఏడాదైంది. సంవత్సరీకం అయిన రాత్రి, చుట్టాలు చాలామంది వెళ్లిపోయాక, మేం నలుగురం వసారాలో చాప మీద కూర్చున్నాం. ఎవరికీ మాటలు లేవు. ఉన్నట్టుండి మా అన్నయ్య లేచి వీధి గేటు దాకా వెళ్లాడు. గడియ రెండుసార్లు కొట్టి, చెప్పులు విడుస్తున్నట్టు ఆగి, “ఏవోయ్, ఉన్నావా?” అని కేకేశాడు. నాన్న రోజూ సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి అమ్మని పిలిచే పిలుపు అది. మా చెల్లెలు ఫక్కున నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు గొంతు పట్టేసింది. అమ్మ ఏమంటుందోనని అందరం భయంగా చూశాం.

అమ్మ కాసేపు గేటు వైపే చూస్తూ కూర్చుంది. తరవాత తల అడ్డంగా ఊపింది.

“అలా కాదురా పెద్దాడా. గడియ తీశాక ముందు దగ్గేవారు, చిన్నగా. పిలుపు ఆ తరవాత. పైగా ‘ఉన్నావా’ అని సాగదీసేవారు కాదు. లేనేమో అన్నట్టు అనేవారు, గబుక్కున.”

అన్నయ్య మళ్లీ గేటు బయటికి వెళ్లాడు. గడియ వేసుకున్న చప్పుడు వినిపించింది. తరవాత, చిన్నగా, దగ్గు.